కేసు ఎక్కడ చెడుతుంది? ఠాణా నుంచి తీర్పు దాకా జవాబు అడగని చోట్లు

సంక్షిప్తంగా: క్రిమినల్ కేసులో తప్పు చేసిన పోలీసు తన శాఖకు, సర్కారు తరఫున వాదించే ప్రాసిక్యూటర్ ప్రభుత్వానికి, వకీలు బార్ కౌన్సిల్‌కు జవాబు చెప్పుకోవాలి. ఒకే కేసును ముగ్గురూ కలిసి చెడగొట్టినా ముగ్గురినీ ఒకచోట నిలబెట్టి అడిగే వేదిక లేదు. కొట్టేసిన ప్రతి కేసులోనూ కారణం వెతకాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు పాత సందుల్లో కొన్నింటిని మూశాయి, కొత్తవి కొన్ని తెరిచాయి.

నెల్లూరు కోర్టులో చోరీ

2022 ఏప్రిల్‌లో ఒక రాత్రి నెల్లూరు కోర్టు ప్రాంగణంలో మేజిస్ట్రేటు కోర్టు తాళం పగలగొట్టి ఒక బ్యాగు ఎత్తుకుపోయారు. అందులో ఉన్నవి ఒక ఫోర్జరీ కేసుకు ఆధారాలు. కొద్ది రోజుల్లోనే పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. ఇనుప సామాను కోసం వచ్చినవాళ్లు కుక్కలు వెంటపడితే కోర్టులోకి దూరి, చేతికందిన బ్యాగు పట్టుకుపోయారని చెప్పారు. విషయాన్ని హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, ఆ ఏడాది నవంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఆ చోరీలో ఎవరి పాత్ర ఎంత అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ గమనించాల్సింది, నేరాన్ని రుజువు చేసే వస్తువు ఎన్ని చేతులు మారుతుందన్నది. ఠాణాలో స్వాధీనం చేసుకున్నది ముందు ప్రాపర్టీ రిజిస్టరులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి కోర్టుకు, అవసరమైతే ఫోరెన్సిక్ ల్యాబుకు, మళ్లీ కోర్టుకు పోతుంది. దారిలో ఒక సీలు ఊడినా, ఒక సంతకం తప్పినా ఆ రోజు ఎవరికీ తెలియదు. ఏళ్ల తర్వాత సాక్షిని బోనెక్కించి ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆనాటి సిబ్బంది బదిలీల మీద ఎక్కడెక్కడో ఉంటారు. నెల్లూరు ఘటన అందరి కంటా పడింది కాబట్టి హైకోర్టు దాకా వెళ్లింది. కావలిలోనో కనిగిరిలోనో ఒక మామూలు దొమ్మీ కేసులో రక్తపు చొక్కా కనిపించకపోతే తీర్పులో ఒక వాక్యమై మిగులుతుంది.

ఠాణాలో రాసే కాగితం

కేసు బలం, బలహీనత చాలావరకు తొలి పది రోజుల్లోనే తేలిపోతాయి. తప్పుడు పనులకు ఎక్కువ చోటు ఉండేదీ అక్కడే.

మొదటిది, కేసు కట్టకపోవడం. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) జరిగిందని సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వకుండా, రెండు పక్షాలనూ పిలిపించి, పెద్దమనుషులను కూర్చోబెట్టి రాజీకి ఒత్తిడి చేయడం పల్లెలకు కొత్త కాదు. భూమి తగాదాల్లో, ఆడవాళ్ల మీద దాడుల్లో, కులం పేరుతో జరిగిన అవమానాల్లో ఈ ఆలస్యానికి పెద్ద మూల్యమే చెల్లించాలి. గాయం మానిపోతుంది, వైద్య పరీక్షలో కనబడదు. తర్వాత కోర్టులో ముద్దాయి తరఫు డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న, ఇన్ని రోజులు ఫిర్యాదు ఎందుకు చేయలేదని. ఆ ఆలస్యం ఠాణాలో జరిగిందని చూపించే కాగితం బాధితుల దగ్గర ఉండదు.

రెండోది, సాక్షుల వాంగ్మూలాలు. దర్యాప్తు అధికారి సాక్షిని విచారించి రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదని పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. పోలీసులు బలవంతంగా సంతకం పెట్టించి ఆ మాటకే సాక్షిని కట్టిపడేస్తారన్న భయంతో పెట్టిన రక్షణ ఇది. దానికి రెండో ముఖం కూడా ఉంది. సంతకం లేదు గనక, రాసేవాడు తనకు కావాల్సినట్టు రాసుకోవచ్చు. నలుగురు సాక్షుల వాంగ్మూలాలు అక్షరం మారకుండా ఒకేలా ఉండే ఛార్జిషీట్లు జిల్లా కోర్టుల్లో పనిచేసే వకీళ్లకు కొత్త కాదు. కోర్టులో సాక్షి ‘నేనలా చెప్పలేదు’ అంటే సాక్షి అడ్డం తిరిగాడని రాసుకుంటారు. నిజంగా అడ్డం తిరిగాడా, అసలు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదా అన్నది తేలకుండానే కేసు కూలిపోతుంది.

మూడోది, స్వాధీనం పంచనామా, అంటే సోదాలో దొరికినవి రాసి సాక్షులతో సంతకం చేయించే కాగితం. సోదా జరిగే చోట ఆ ప్రాంతపు పెద్దమనుషులను ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోవాలని చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్యవర్తులుగా వీఆర్వోలను, ఇతర ప్రభుత్వ సిబ్బందిని పిలవడం అలవాటుగా మారింది. వాళ్లు అడ్డం తిరగరన్న నమ్మకం ఒక కారణం. అయితే ఠాణాలో ముందే రాసిపెట్టిన నివేదిక మీద తర్వాత సంతకం చేసే ప్రమాదం కూడా అక్కడే ఉంది. పదహారో నంబరు జాతీయ రహదారి వెంట పట్టుబడే గంజాయి కేసులకు, ఉదయగిరి, రాపూరు అడవుల వైపు ఎర్రచందనం కేసులకు ఈ పంచనామాయే ప్రాణం. అది కాగితం మీద వండినదైతే నిజమైన రవాణాదారు కూడా తప్పించుకుంటాడు. దారిన పోయే డ్రైవరు మీద కట్టిన కేసైతే, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద బెయిలు దొరకడం కష్టం గనక, విచారణ ముగిసేదాకా అతను జైల్లోనే మగ్గాలి.

అన్నిటికన్నా కఠినమైనది నిర్బంధంలో హింస. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదు. అయితే ఆ మాట వల్ల ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు చెల్లుతుంది. ఈ మినహాయింపు కోసమే కొట్టడాలు, కత్తి ‘దొరకడాలు’ జరుగుతాయన్న విమర్శ దశాబ్దాలుగా ఉంది. 2020 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా చీరాలలో, మాస్కు విషయంలో పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు గాయమై చనిపోయాడు. కొట్టారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ఎస్ఐని సస్పెండ్ చేశారు. ఇలాంటి సందర్భంలో జీపులో, ఠాణాలో జరిగినదానికి పోలీసులే సాక్షులు, దర్యాప్తు మొదలుపెట్టేదీ ఆ శాఖే. పోలీసు కస్టడీలో మరణిస్తే మేజిస్ట్రేటు విడిగా విచారణ జరపాలని చట్టం పట్టుబట్టేది అందుకే.

పీపీ ఎవరి మనిషి?

పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పోలీసుల లాయరు కాడు. ఎలాగైనా శిక్ష వేయించాలన్న దాహం ప్రాసిక్యూటర్‌కు ఉండకూడదని, ముద్దాయికి అనుకూలమైన అంశం కనబడితే దాన్నీ కోర్టు ముందు పెట్టాలని సుప్రీంకోర్టు 1999లో శివకుమార్ కేసులో చెప్పింది. అంతకు ముందే, 1995లో, ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ అదుపు నుంచి విడదీయాలని షహానే కేసులో ఆదేశించింది.

ఆచరణలో విడదీత సగమే జరిగింది. మేజిస్ట్రేటు కోర్టుల్లో పనిచేసే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (ఏపీపీ) పోస్టుల భర్తీని ఈ రాష్ట్రంలో పోలీసు నియామక మండలే నిర్వహిస్తోంది. సెషన్స్ కోర్టులో పీపీ కావాలంటే కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. కలెక్టరు సెషన్స్ జడ్జితో సంప్రదించి పంపిన ప్యానెల్ నుంచి ప్రభుత్వం నియమిస్తుంది. సర్కారు మారితే పీపీలు, ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు) కూడా మారతారన్నది నెల్లూరు, ఒంగోలు బార్ అసోసియేషన్లలో ఎవరిని అడిగినా చెప్పే సంగతి. అలా వచ్చిన వ్యక్తి నిజాయితీపరుడు కావచ్చు. కానీ అధికార పక్షం వారి మీద కేసు వచ్చినప్పుడు అతని నిలకడకు చట్టం ఏ ఆసరా ఇవ్వడం లేదు.

ప్రాసిక్యూటర్ తప్పు పోలీసు తప్పులా కంటికి కనబడదు. అడగాల్సిన ప్రశ్న అడగకపోవడం, కీలక సాక్షిని పిలవకుండా వదిలేయడం, అడ్డం తిరిగిన సాక్షిని గట్టిగా నిలదీయకపోవడం, అప్పీలు అవసరం లేదని అభిప్రాయం రాసివ్వడం, ఇవన్నీ వృత్తిపరమైన నిర్ణయాల్లాగే కనిపిస్తాయి. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో పీపీ డిఫెన్సు లాయరులా వ్యవహరించారని సుప్రీంకోర్టే 2004లో వ్యాఖ్యానించాల్సి వచ్చింది. ఢిల్లీ బీఎండబ్ల్యూ ప్రమాదం కేసు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆరుగురిని బలిగొన్న ఆ ప్రమాదంలో ప్రత్యక్ష సాక్షితో డిఫెన్సు సీనియర్ న్యాయవాది, ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఇద్దరూ సంబంధాలు నెరపడాన్ని ఒక టీవీ చానెల్ రహస్య కెమెరాతో బయటపెట్టింది. 2009లో సుప్రీంకోర్టు డిఫెన్సు న్యాయవాది కోర్టు ధిక్కారాన్ని ఖరారు చేసింది. ప్రాసిక్యూటర్ విషయంలో ధిక్కారం రుజువు కాలేదంటూనే ఆయన ప్రవర్తన ఆ పదవికి తగదని తప్పుబట్టింది. కెమెరా లేకపోతే కేసు ఏమయ్యేదన్న ప్రశ్న జిల్లా కోర్టులకు ఇంకా బాగా వర్తిస్తుంది. ఇక్కడ కెమెరాలు రావు.

కేసు ఉపసంహరణ అధికారమూ పీపీదే. ప్రభుత్వం జీవో ఇవ్వగానే కేసు పోదు. పీపీ స్వతంత్రంగా ఆలోచించి పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులైతే హైకోర్టు అనుమతి కూడా కావాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

అమెరికాలో ముద్దాయికి పనికొచ్చే ఆధారాన్ని ప్రాసిక్యూషన్ దాస్తే శిక్ష చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే బ్రాడీ కేసులో తేల్చింది. మన దగ్గర దానికి దగ్గరి ఆదేశం 2021లో వచ్చింది. పోలీసులు సేకరించి కూడా ఛార్జిషీటులో ఆధారపడని వాంగ్మూలాలు, పత్రాలు, వస్తువుల జాబితాను ముద్దాయికి ఇవ్వాలని క్రిమినల్ విచారణల మార్గదర్శకాల్లో సుప్రీంకోర్టు పెట్టింది. ఆ జాబితాను పట్టుబట్టి అడిగే లాయరు దొరికినప్పుడే దాని ప్రయోజనం.

వకీళ్ల వంతు

వకీళ్ల తప్పుల్లో కక్షిదారులు తరచూ మోసుకొచ్చే ఫిర్యాదులు కొన్నే: ఫీజు పుచ్చుకుని వాయిదాకు రాకపోవడం, ఎదుటి పక్షంతో లోపాయికారీగా మాట్లాడుకోవడం, ‘జడ్జిగారికి ఇవ్వాలి’ అంటూ డబ్బు లాగడం, కేసు కట్ట తిరిగి ఇవ్వకపోవడం. చివరిదాని మీద 2000లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు పట్టుకుని కూర్చోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అంతకు చాలా ముందు, 1984లో, ఈ రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో తప్పుడు అఫిడవిట్‌ను ధ్రువీకరించిన న్యాయవాదిని సుప్రీంకోర్టు ఐదేళ్లు సస్పెండ్ చేసింది.

వకీలు సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మే నెలలో తీర్పు వచ్చింది. కాబట్టి వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయింది. మిగిలింది 1961 న్యాయవాదుల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్. అక్కడ తీర్పు చెప్పేదీ న్యాయవాదులే. ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది.

కారంచేడు, ఇబ్రహీంపట్నం

ఈ తప్పులకు రెండు రకాల బాధితులుంటారు. ఒకరు న్యాయం అందని బాధితులు, రెండో వారు చేయని నేరానికి శిక్ష అనుభవించినవాళ్లు. వాళ్లను ఎదురెదురు పక్షాలుగా చూడటం అలవాటైపోయింది గానీ, ఇద్దరినీ దెబ్బతీసేది ఒకే రకం దర్యాప్తు.

1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1994లో గుంటూరు కోర్టు శిక్షలు వేసింది. 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల శిక్ష వేసింది. పట్టపగలు ఊరంతా చూస్తుండగా జరిగిన హత్యలకు తుది తీర్పు రావడానికి 23 ఏళ్లు పట్టింది. ఆధారాలు బలంగా, త్వరగా నమోదు కాని కేసులో మూడు కోర్టులు ఒకే సాక్ష్యాన్ని మూడు రకాలుగా చదివే అవకాశం మిగిలిపోతుంది. ఈ లోగా సాక్షులు అదే ఊళ్ల మధ్య, అదే కూలి పనుల మీద బతకాలి.

రెండోది అప్పటి కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య. పోలీసులు పట్టుకున్న యువకుడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది, లక్ష రూపాయలు చెల్లించాలంది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు, దానికి లక్ష రూపాయలు. చనిపోయిన అమ్మాయి కుటుంబానికి మాత్రం హంతకుడెవరో ఏ కోర్టూ చెప్పలేదు. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. అలాంటి చట్టాన్ని పార్లమెంటు చేయలేదు.

కొట్టేసిన కేసును వెనక్కి చూడమన్న తీర్పు

2014 జనవరి 7న గుజరాత్ రాష్ట్రం, కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఈ సమస్యకు అన్నిటికన్నా దగ్గరి మందు. ఆరేళ్ల పాప మీద అత్యాచారం, హత్య కేసులో దర్యాప్తు లోపాల వల్ల నిందితుణ్ని వదిలేయాల్సి వచ్చిన సందర్భం అది. ప్రతి రాష్ట్రంలోనూ పోలీసు, ప్రాసిక్యూషన్ అధికారులతో ఒక స్థాయీ సంఘం ఉండాలని, కొట్టేసిన ప్రతి కేసునూ పరిశీలించి తప్పు అమాయకంగా జరిగిందా, కావాలని చేశారా తేల్చాలని, కావాలని చేసినవారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని కోర్టు చెప్పింది. ఆరు నెలల గడువు కూడా పెట్టింది.

ఈ ఆదేశంలో బలం ఉన్నచోటే బలహీనత కూడా ఉంది. తప్పు వెతికేవాళ్లు, తప్పు చేసినవాళ్లు ఒకే హోం శాఖ కింద ఉంటారు. దర్యాప్తు చెడిందని ప్రాసిక్యూషన్ రాస్తే, విచారణ సరిగా నడపలేదని పోలీసులు రాస్తారు. ఆ సమీక్షలో ఏం తేలిందో ఫిర్యాదుదారుకు చెప్పాలన్న నిబంధన లేదు. తీర్పుల్లో ‘సంశయ లబ్ధి (అనుమానం మిగిలితే ముద్దాయికే మేలు) కింద విడుదల’ అనే ముక్తసరి మాట ఇంకో అడ్డంకి. ఏ అధికారి ఏ పని చేయకపోవడం వల్ల ఆ సంశయం పుట్టిందో న్యాయమూర్తి పేరు పెట్టి రాసినప్పుడే సంఘానికి పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుంది.

కొత్త చట్టాలు మూసినవి, తెరిచినవి

సోదా, స్వాధీనాలను ఆడియో వీడియోలో రికార్డు చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ తప్పనిసరి చేసింది. వండిన పంచనామాలకు ఇది నిజమైన అడ్డుకట్ట కాగలదు. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి రావాలి. పదేళ్లు, ఆపైన శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాలి. కేసు ఉపసంహరణకు ముందు బాధితుల మాట వినాలి. ప్రభుత్వోద్యోగి మీద విచారణకు అనుమతి 120 రోజుల్లో ఇవ్వకపోతే ఇచ్చినట్టే లెక్క. ప్రతి జిల్లాలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ ఏర్పాటుకు వీలు కల్పించారు.

అదే చట్టంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు, ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు అవకాశం పెట్టారు. పాత ‘రాజీ’ కాలానికి ఇప్పుడు చట్టబద్ధమైన పేరు దొరికే ప్రమాదం ఉంది. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులే అయినా, దాన్ని నేరాన్ని బట్టి రిమాండు తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా ముక్కలుగా తీసుకోవచ్చు. విధి నిర్వహణలో చేసిన పని గురించి ప్రభుత్వోద్యోగి మీద దర్యాప్తుకు మేజిస్ట్రేటు ఆదేశించే ముందు పై అధికారి నివేదిక తెప్పించుకోవాలని 175వ సెక్షన్‌లో కొత్త మెట్టు చేర్చారు. అంటే ఎస్ఐ మీద ఫిర్యాదు చేస్తే ముందు అదే శాఖ రాసిన నివేదిక చదవాలి.

ఎక్కడ అడగాలి

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు ఉంచుకుని, తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. మేజిస్ట్రేటు ముందు ఆ రసీదే ఆధారం. కులపరమైన దాడి కేసుల్లో దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ వర్తిస్తుంది. ఒక వకీలు చేతిలో మోసపోయామని తెలిసినా వెంటనే వకీలును మార్చుకోలేని పేదవారికి, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి అడ్డు రాదు. సాక్షికి బెదిరింపులుంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నేతృత్వంలోని అధికార సంఘానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు కొట్టేస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లకపోయినా బాధితులు స్వయంగా వెళ్లవచ్చు.

అరెస్టు కారణాలను అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా, రిమాండుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు కొట్టారా అని అడుగుతారు. అక్కడ చెప్పని దెబ్బను తర్వాత నమ్మించడం చాలా కష్టం. ఠాణాల్లో సీసీ కెమెరాలు మాటతో సహా రికార్డు చేయాలని, ఆ రికార్డును 18 నెలలు, అది కుదరని చోట కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరు తీర్పు ఉంది. మానవ హక్కుల కమిషన్ కూడా ఘటన జరిగిన ఏడాది దాటితే ఫిర్యాదు తీసుకోదు. కాబట్టి ఫలానా తేదీ, ఫలానా గంటల ఫుటేజీని చెరపకుండా ఉంచమని కోరే దరఖాస్తును విచారణ మొదలయ్యేదాకా ఆపకుండా, మొదటి వారంలోనే ఎస్పీకి, మేజిస్ట్రేటుకు ఇవ్వడం అవసరం.